బడికి ఏం పంపాలని అడిగావు కదా

విజయనగరం జిల్లా,
9 నవంబరు 2025, ఆదివారం

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "మన బడికి ఏదైనా పంపుదామనుకుంటున్నాన్రా, టీవీ కొననా, కంప్యూటర్లు కొననా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా లాంగ్ బెల్ కొట్టేశారు. ఆ రాత్రి నీకు అమెరికా వాళ్ళతో మీటింగు, నాకు మార్కుల ఎంట్రీ. ఇవాళ మా ఇంట్లో వాళ్ళంతా కార్తీక వనభోజనాలకి పోయారు, తీరుబడిగా కూర్చున్నాను. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావు. అందుకని ఉత్తరమే రాస్తున్నా, చచ్చినట్టు చదువు.

టీవీ వద్దురా. గదుల్లో పెద్ద ప్యానెల్ బోర్డులు ఎప్పుడో వచ్చాయి, కరెంటు ఉన్నంతసేపూ బాగానే పనిచేస్తాయి. కావలసింది వేరే ఉంది. అదేంటో చెప్పే ముందు ఈ ఏడాది మన పిల్లలు చేసిన ఘనకార్యాలు వినాలి నువ్వు.

ముందు ఖో-ఖో. మనం చదివేటప్పుడు ఆడపిల్లలు వేపచెట్టు కింద తొక్కుడుబిళ్ళ ఆడుకునే చోటు గుర్తుందా, ఇప్పుడు అక్కడే ఖో-ఖో కోర్టు. అండర్-17 బాలికల జట్టు మండలంలో గెలిచింది. జిల్లా సెలక్షన్లలో మనవాళ్ళు ముగ్గురు జిల్లా జట్టులోకి వెళ్ళారు. స్కూల్ గేమ్స్ పద్ధతి నీకు తెలుసుగా, మండలం, జిల్లా, రాష్ట్రం, అలా మెట్లు. రాష్ట్ర పోటీల్లో క్వార్టర్స్ దాకా వెళ్ళి ఆగిపోయారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, వాళ్ళ అమ్మ జీడిపిక్కల బట్టీలో పనిచేస్తుంది. ఆ పిల్ల కోర్టు చివరి స్తంభం, అదే పోల్ దగ్గర తిరగడం చూడాలిరా నువ్వు. పరుగు ఆపదు. పోల్‌ని ఎడమచేత్తో అందుకుని ఒళ్ళంతా నేలకి వాల్చేస్తుంది, ఆ వాలులోనే కుడిచెయ్యి చాపి అవతల తప్పించుకుపోయే రన్నర్ మడమ తాకేస్తుంది. లేచేసరికి మోకాళ్ళ నిండా ఎర్రమట్టి. "దెబ్బ తగల్లేదా అమ్మా?" అంటే "ఏటవుద్దండి మాస్టారూ, మట్టే కదండి" అంటుంది.

వచ్చిన చిక్కల్లా రాష్ట్ర పోటీలు మట్టి మీద కాదు, మ్యాట్ మీద. ఇక్కడ వట్టికాళ్ళతో ఆడిన పిల్లలకి అక్కడ అరువు బూట్లు తొడిగారు. కాలు ఎక్కడ జారుతుందో, ఎక్కడ పట్టేస్తుందో తెలిసేసరికి సగం ఇన్నింగ్స్ అయిపోయింది. ఈ జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖో-ఖో ప్రపంచకప్ జరిగింది కదా, మన మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌ని ఓడించారు. మగవాళ్ళ జట్టులో మన రాష్ట్రం కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. ఆ ఫైనల్ పిల్లలకి ప్యానెల్ బోర్డు మీద వేసి చూపించాం (చూశావా, బోర్డు పనికొచ్చింది). వాళ్ళు ఆట కంటే బూట్లనే ఎక్కువ చూశారు. మొంథా తుఫానుకి కోర్టంతా బురదయింది, మొన్ననే ఆరింది. మా ఆటల మాస్టారు పీడీ గారు మళ్ళీ సున్నం గీతలు గీయించారు.

మొన్న రెండో తారీఖున ఆడపిల్లల క్రికెట్ ప్రపంచకప్ మనవాళ్ళు గెలిచారా, మర్నాడు పొద్దున్న ఆరో తరగతి గుంటలంతా స్టాఫ్ రూమ్ ముందు చేరి "మాకూ బ్యాటు కావాలండి" అని గొడవ. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఆ జట్టులో ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారో మరి. మన కర్ణం మల్లీశ్వరి ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ మన ఉత్తరాంధ్ర పల్లె పిల్లే అని నేనూ అందుకున్నాను. ఓ గుంట తల గోక్కుని "ఆమె బ్యాటింగేనా మాస్టారూ, బౌలింగా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కొండవెలగాడలో ఇంటింటా వెయిట్ లిఫ్టర్లున్న జిల్లారా మనది!

ఇక మన సైంటిస్టు సంగతి. ఎనిమిదో తరగతి కుర్రాడు, నోట్లో నాలుక లేనివాడు. వాళ్ళ నాన్న మామిడితోటలు కౌలుకి చేస్తాడు. మన సువర్ణరేఖ కాయకి సొన అంటితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, నల్లటి చార పడుతుంది, ఉత్తరాది షావుకారు రేటు తగ్గించేస్తాడు. చిక్కంతో లాగితే తొడిమ మొదలంటా ఊడి సొన కారుతుంది. వీడేం చేశాడంటే, పాత సైకిల్ బ్రేకు పిడి, తీగ తీసి చిక్కం గెడకి బిగించాడు. పైన చిన్న బ్లేడు. కింద పిడి నొక్కితే పైన తొడిమ అంగుళం మేర మిగిలేటట్టు తెగి కాయ చిక్కంలో పడుతుంది, సొన కారదు. ఇలాంటివి బజారులో లేవా అంటే ఉన్నాయి. కానీ వాడు బజారులో చూసి చేసింది కాదు, వాళ్ళ నాన్న షావుకారుతో గొడవ పడడం చూసి చేశాడు. మెగా డీఎస్సీలో కొత్తగా వచ్చిన ఫిజిక్స్ టీచరమ్మ వాడిచేత పిల్లల సైన్సు ఆలోచనలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి ఐడియా పెట్టించారు. ఎంపికైతే 10,000 రూపాయలు వాడి ఖాతాలోనే పడతాయి, దాంతో నమూనా చేసి జిల్లా ప్రదర్శనకి పట్టుకెళ్ళాలి. ఎంపిక జాబితా కోసం చూస్తున్నాం. ఆ టీచరమ్మ వయసు మనవాళ్ళ పదో తరగతి పిల్లల అక్కంత ఉంటుంది. 16,347 పోస్టుల్లో ఒకటి మన బడికి దక్కింది, అదృష్టం.

పదో తరగతి గురించి రెండు ముక్కలు. పోయిన బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చిన పిల్లకి ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ సీటు వచ్చింది. ప్రవేశపరీక్ష లేదు కదా, పది మార్కులే లెక్క, సర్కారు బడి పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. ఆరేళ్ళ చదువు, హాస్టల్. వాళ్ళ తాతయ్య ఆ సీటు కాగితం లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టాడు. ఈ ఏడాది బ్యాచ్ కాస్త అల్లరి మూక, లెక్కల్లో నాకే చెమటలు పట్టిస్తున్నారు. పొద్దున్నా సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టాం. మార్చిలో గానీ తేలదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ గురించి నీకు చెప్పానా ఎప్పుడైనా? ఎనిమిదో తరగతి పిల్లలకి డిసెంబరు మొదట్లో ఆ పరీక్ష ఉంటుంది. మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, స్కూల్ సబ్జెక్టులు 90. గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు, ఏడాదికి 12,000 రూపాయలు. రాష్ట్రం మొత్తానికి 4,087 మందికి ఇస్తారు, జిల్లాలవారీ మెరిట్. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మన ఊళ్ళో ఆ హద్దు దాటేవాళ్ళెవర్రా! ఆ పన్నెండు వేలు ఉంటే తొమ్మిదో తరగతి పిల్లని బడి మాన్పించి పనికి పంపే ఆలోచన ఇంట్లో ఒక ఏడాదన్నా వెనక్కి పోతుంది. అందుకే మేం దాని మీద పడ్డాం. సాయంత్రాలు బొమ్మల వరసలు, కోడింగ్, డీకోడింగ్, పాచికల లెక్కలు చేయిస్తున్నాం. పిల్లలకి ఆటలా ఉంటుంది, సిరీస్ లెక్క నాకంటే ముందే చెప్పేస్తారు.

పరీక్ష గండం కాదురా బావా, గండమంతా పాసయ్యాకే. పోయిన రెండు బ్యాచ్‌లలో పాసైనవాళ్ళలో ఒకమ్మాయికి ఇప్పటిదాకా పైసా రాలేదు. ఎందుకో విను. బడి రికార్డులో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు తర్వాత. బ్యాంకు పుస్తకంలో మూడో రకం. కంప్యూటర్‌కి ఆ ఒక్క పిల్లే ముగ్గురు మనుషులు. ఆధార్ దిద్దిద్దామంటే దానికి ఎక్కించిన ఫోన్ నంబరు వాళ్ళ నాన్నది. వాళ్ళ నాన్న ఎక్కడున్నాడు? మీ హైదరాబాదులోనే, ఏదో అపార్ట్‌మెంట్ కడుతుంటే సెంట్రింగ్ పని. ఇక్కడ గ్రామ సచివాలయంలో పిల్ల కూర్చుంటే ఓటీపీ అక్కడ పదో అంతస్తులో మోగుతుంది. ఆయన కిందికి దిగి, చేతులు కడుక్కుని, కళ్ళజోడు లేక ఎవరిచేతో చదివించుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ టైమ్ అయిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పిల్ల ఏమందో తెలుసా, "మాస్టారూ, ఇంకో పరీక్ష పెట్టండి రాసేస్తాను గానీ ఇది నా వల్ల కాదండి."

పోనీ అన్నీ సర్దుకున్నాయనుకో, ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. ఒక ఏడు మరిచిపోతే అంతే. పదిలో 60 శాతం రావాలి. ఇంటర్‌లో ప్రభుత్వ కాలేజీలోనో ఎయిడెడ్‌లోనో చేరాలి. ఫీజు తగ్గిస్తామని ప్రైవేటు కాలేజీ వాళ్ళు జూన్‌లో ఇంటికొచ్చి మాట్లాడతారు, పిల్లాడు చేరిపోతాడు, మిగతా రెండేళ్ళ డబ్బు పోయిందని ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. చెప్పేవాళ్ళు లేకరా ఇదంతా. మేం చెబుతాం, కానీ ఒక్కొక్కరం ఎన్నని చూస్తాం? ఇదివరకు బళ్ళో పాఠం చెప్పడం మా పని, ఇప్పుడు ఫోటోలు ఎక్కించడంలోనే సగం పొద్దు గడుస్తుంది. హాజరు ఫోటో, గుడ్డు ఫోటో, చిక్కీ ఫోటో. (ఇది రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలెయ్.)

అందుకని నాకు నీ డబ్బు కంటే నువ్వే కావాలి. సంక్రాంతికి ఎలాగూ వస్తావు. వలస పోయినవాళ్ళంతా ఫోన్లు జేబులో పెట్టుకుని ఊళ్ళోకి దిగేది ఏడాదికి ఆ ఒక్కసారే. భోగికి ముందు రెండు రోజులు బళ్ళో కూర్చుందాం. నువ్వు లాప్‌టాప్ తెచ్చుకో, మన బ్యాచ్‌లో బ్యాంకులో పనిచేసేవాడున్నాడుగా, వాణ్ణి నేను పట్టుకొస్తాను. ఎనిమిది, తొమ్మిది, పది పిల్లల తండ్రులకి కబురు పెడతాను. ఎవరి పేరు ఎక్కడ ఎలా ఉందో చూసి, దరఖాస్తులు నింపేద్దాం. నంబరు తల్లి ఫోన్‌కి మార్చుకోవాల్సినవి, ఆధార్ సెంటర్‌కి వెళ్ళాల్సినవి వేరే జాబితా రాసిపెడదాం. ఏం, నువ్వు రోజూ చేసే పని కంటే కష్టమా?

ఈలోగా ఇక్కడ జరిగేవి కూడా చెప్పేస్తాను, లేకపోతే అలుగుతావు. 14న బాలల దినోత్సవం, ఆ రోజు పాఠాలు పిల్లలే చెబుతారు, నా క్లాసు తీసుకోబోయేది ఆ అల్లరి మూక నాయకుడు, నన్ను ఇమిటేట్ చేస్తూ ప్రాక్టీసు చేస్తున్నాడని వేగులవాళ్ళు చెప్పారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి సైన్సు పోటీలకి ముగ్గురి జట్టు తయారవుతోంది. డిసెంబరులో మళ్ళీ మెగా పేరెంట్స్ మీటింగ్ అంటున్నారు. 22న రామానుజన్ పుట్టినరోజుకి ముగ్గులతో లెక్కల పోటీ పెడుతున్నాను, చుక్కలెన్ని, గీతలెన్ని, సౌష్ఠవం ఎక్కడ అని. ఆడపిల్లలు ఇందులో మగపిల్లల్ని చిత్తు చేస్తారు, చూస్తూ ఉండు. పూర్వ విద్యార్థుల కలయిక కనుమ మర్నాడు. ఈసారి శాలువాలు, మెమెంటోలు లేవని హెచ్ఎం గారికి చెప్పేశాను, ఆయనా హమ్మయ్య అన్నారు. ఉపన్యాసాలు కూడా లేకుండా చేయాలని చూస్తున్నాను గానీ మన పాత సర్పంచి గారిని ఆపడం ఎవరి తరం!

ఇంతా చెప్పాక కూడా ఏదో ఒకటి కొనకపోతే నీకు నిద్ర పట్టదు కదా. అయితే బూట్లు కొను. ఖో-ఖో పిల్లలకి, మ్యాట్ మీద జారనివి. పన్నెండు జతలు, పీడీ గారు ఒక్కొక్కరి పాదం కాగితం మీద గీయించి పెట్టారు, ఫోటో పంపిస్తాను. ఒక సైజు పెద్దది తీసుకోమన్నారు, ఈ వయసులో కాళ్ళు ఊరుకోవట. డబ్బా మీద నీ పేరు రాయించకు, ఆ పిల్లలు అడిగితే నేనే చెబుతాను.

అన్నట్టు, రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే సంక్రాంతి టికెట్లు ఈ వారమే. విశాఖ ఎక్స్‌ప్రెస్ అయితే నేరుగా విజయనగరంలోనే దిగొచ్చు, బండి తీసుకుని స్టేషన్‌కి వస్తాను. ఎనిమిదింటికల్లా లాగిన్ అయి కూర్చో, నిరుడిలా తత్కాల్ అని చివర్లో ఏడవకు. టికెట్ దొరకగానే ఫోన్ కొట్టు.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
లెక్కల మాస్టారు