అబ్బాయికి కడుపునొప్పి అంటే కింద కూడా చూడాలి

సంపాదకులకు,

హాస్టళ్లలో మగపిల్లలు అర్ధరాత్రి లేచి కడుపునొప్పి, వాంతులు అంటే గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టేస్తుంటారు. ఇళ్లలోనూ అంతే. ఆ నొప్పి ఒక్కోసారి కడుపుది కాదు, వృషణానిది. సిగ్గుతో పిల్లాడు ఆ మాట బయటపెట్టడు.

వృషణం ఒక తాడుకు వేలాడుతుంటుంది. రక్తనాళాలు, నరాలు, వీర్యకణాలను మోసే గొట్టం (శుక్రవాహిక) అన్నీ ఆ తాడులోంచే వెళ్తాయి. మామూలుగా వృషణం వెనక భాగం తిత్తి గోడకు అతుక్కుని ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ పట్టు ఉండదు, గుడిగంట నాలుకలా ఊగుతుంది. అలాంటి వాళ్లకు, ముఖ్యంగా 12 నుంచి 18 ఏళ్ల వయసులో, తాడు మెలిపడుతుంది. చాలాసార్లు నిద్రలోనే. ముందు పల్చటి సిరలు మూసుకుపోతాయి, రక్తం లోపలే నిలిచి వృషణం ఉబ్బుతుంది. తర్వాత ధమని కూడా ఆగుతుంది. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే దాదాపుగా తీసెయ్యాల్సిందే.

మరి కడుపెందుకు నొస్తుంది? గర్భంలో వృషణాలు మూత్రపిండాల దగ్గర తయారై కిందికి దిగుతాయి. వాటి నరాలు అక్కడివే, అందుకే నొప్పి కడుపులో ఉన్నట్టు తెలుస్తుంది.

మెలిపడిన వైపు వృషణం పైకి లాక్కుపోయి, అడ్డంగా తిరిగి ఉంటుంది. తొడ లోపలివైపు వేలితో గీస్తే మామూలుగా ఆ పక్క వృషణం చటుక్కున పైకి లేస్తుంది, ఇందులో సాధారణంగా కదలదు. ఇన్‌ఫెక్షన్ అయితే నొప్పి నెమ్మదిగా పెరుగుతుంది, జ్వరం, మూత్రంలో మంట ఉండొచ్చు. ఈ తేడా చూడకుండా యాంటీబయాటిక్ రాసి రేపు రమ్మంటే వృషణం పోయినట్టే. అనుమానం ఉంటే, రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ చేయించాలి. అది వెంటనే దొరక్కపోతే దానికోసం కూర్చోకూడదు, ఆపరేషన్‌కే వెళ్లాలి. దారిలో పిల్లాడికి టీ, మజ్జిగ, ఏమీ పట్టకండి. మత్తు ఇవ్వడం ఆలస్యమవుతుంది.

ఆపరేషన్‌లో మెలి విప్పి, గోరువెచ్చటి తడిగుడ్డ కప్పి రంగు తిరిగొస్తుందేమో చూస్తారు. వస్తే కుట్లతో గోడకు బిగిస్తారు. పట్టులేని లోపం తరచూ రెండువైపులా ఉంటుంది కాబట్టి రెండోదాన్నీ బిగిస్తారు. ఒకటి తీసెయ్యాల్సి వచ్చినా, రెండోది బాగుంటే పిల్లలు పుట్టడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఈ మాట తల్లిదండ్రులకు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

వార్డెన్లు, అమ్మానాన్నలు “కింద ఏమైనా నొప్పిగా ఉందా నాన్నా?” అని నేరుగా అడగాలి. నొప్పి వచ్చి దానంతటదే తగ్గినా వదిలెయ్యొద్దు. మెలిపడి విడిపోయి ఉండొచ్చు, మళ్లీ పడొచ్చు.

— ఒక యూరాలజిస్టు, గుంటూరు