ఎత్తిపొడుపును జవాబుగా లెక్కగట్టకండి

ఆంధ్రప్రదేశ్ శాసనసభాపతి గారికి నమస్కారం.

సభలో అందరూ మడికట్టుకుని మాట్లాడాలని కోరడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వెటకారం మా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు కొత్తేమీ కాదు. టీ కొట్టు దగ్గర నాలుగు చురకలు పడందే ఇక్కడ పొద్దు గడవదు. 1978లో ఉదయగిరి నుంచి అసెంబ్లీకి వెళ్ళిన వెంకయ్యనాయుడు గారి ప్రాసలకు ఎదుటి పార్టీల వాళ్ళూ నవ్వినవాళ్ళే. నా గొడవ వేరు. ప్రశ్న అడిగితే జవాబు ఎగ్గొట్టడానికి ఎత్తిపొడుపు వాడుకుంటున్నారు. అదీ సంగతి.

మొన్నామధ్య పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు వరుసగా పెట్టుకుని కూర్చున్నాం. కొనేవాళ్ళు వచ్చి ఆకు లాగి, నలిపి చూసి, మాట్లాడకుండా ముందుకు పోయారు. నోబిడ్, అంటే మా బేళ్లకు ఎవరూ ధర పాడలేదన్నమాట. పక్క రైతు ఫోన్లో సభ నడుస్తోంది. ఒకాయన లేచి పంట ధర గురించి అడిగారు. జవాబివ్వాల్సినాయన లేచి, ఈయన నడక ఎట్లా ఉంటుందో, ఏ పార్టీ నుంచి ఏ పార్టీకి దూకాడో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పుకొచ్చారు. బల్లలు చరిచారు. మావాళ్ళూ నవ్వారు, అబద్ధమెందుకు. నవ్వులయ్యాక ఒక పెద్దాయన "ఇంతకీ రేటు సంగతి ఏమన్నాడబ్బయ్యా?" అని అడిగితే చెప్పేవాడు లేడు.

మా జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954లో మద్యనిషేధం గొడవతో వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఎందుకు పడిపోయిందో ఇన్నేళ్ళ తరవాత కూడా మేం చెప్పగలం. ఈ మధ్య సభ దేనికి వాయిదా పడిందో ఎవరినైనా అడిగి చూడండి, ఎవరు ఎవర్ని ఏమన్నారో మాత్రమే చెబుతారు.

సభలో అన్న మాట మీద కోర్టుకు పోవడానికి లేకుండా రాజ్యాంగం 194వ అధికరణంలో సభ్యులకు రక్షణ ఇచ్చింది. ప్రజల కష్టం భయపడకుండా చెప్పడానికి ఇచ్చిన గొడుగు అది. దాని కింద నిలబడి సభలో లేని ఆడవాళ్ళ మీద మాట తూలితే వాళ్ళకు మీరు తప్ప దిక్కెవరు? 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నేత తన ఇంట్లోవాళ్ళను అన్నారంటూ సభ విడిచి వెళ్ళిపోయారు. ఆ పార్టీ, ఈ పార్టీ అని కాదు. అంటున్నప్పుడు అందరికీ సరదాగానే ఉంటుంది, పడ్డప్పుడే తెలుస్తుంది.

"రికార్డుల నుంచి తొలగిస్తున్నాం" అంటారు మీరు. పుస్తకంలోంచి పోతుంది సరే, సాయంత్రానికి వెనక పాట తగిలించి రీల్స్‌లో తిప్పుతుంటారు. తొలగించారంటే ఇంకాస్త మోజు. 2022లో లోక్‌సభ సచివాలయం సభలో వాడకూడని మాటల జాబితా వేసింది. జాబితాలో లేని మాటతో పరువు తీయడం మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య, కాబట్టి దానివల్లా ఒరిగేదేం లేదు.

నేను కోరేది చిన్నది. ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రి ఎత్తిపొడిచి కూర్చుంటే ఆ ప్రశ్నకు జవాబు రాలేదనే రాయించండి. మర్నాడు సభ మొదలవగానే ముందు అదే ప్రశ్న మళ్ళీ చదివించండి. జవాబు వచ్చేదాకా రోజూ చదివించండి. అడిగినవాళ్ళు ప్రశ్న వదిలేసి తిట్టుకు తిట్టు అందుకుంటే వాళ్ళ మైకూ కట్టెయ్యండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ కుర్చీకున్న అధికారం చాలు.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా