అభిరుచి పరీక్ష తొమ్మిదో తరగతిలోనే పెట్టాలి

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లోనే పిల్లవాడు ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్నది తేలిపోతుంది. తేల్చేది మార్కులు, మేనమామ సలహా, ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో చూపే ఫీజు రాయితీ. పిల్లల ఆసక్తి, సామర్థ్యం చూసి దారి చూపే కంప్యూటర్ పరీక్షలు ఉన్నాయి. అవి పనికొచ్చేవే. అయితే వాటిని మన బడుల్లో పెట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోకపోతే డబ్బు ఖర్చయి కాగితం ముక్క మిగులుతుంది.

ముందుగా, ఇష్టం వేరు, చేతనవడం వేరు. ఇష్టాన్ని కొలిచే పరీక్షలు ఎక్కువగా అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ చెప్పిన ఆరు రకాల మీద నడుస్తాయి: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, లెక్కాపత్రం. అమెరికా కార్మిక శాఖ ఉచితంగా ఇస్తున్న ఓనెట్ పరీక్షలో 60 పనులు ఒక్కొక్కటే చూపించి, ఎంత ఇష్టమో అయిదు మెట్లలో చెప్పమంటారు. చేతనయ్యేదాన్ని కొలవడానికి సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తెచ్చిన ‘తమన్నా’ ఉంది. అందులో భాష, అంకెలు, యంత్రాల తర్కం, ఆకారాలను ఊహించడం వంటి ఏడు విభాగాలు. పాస్, ఫెయిల్ లేవు. ఉండకూడదు కూడా. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రైల్వే పెట్టే కంప్యూటర్ ఆప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి భాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు (రాసినవారందరి సగటుతో పోల్చి లెక్కగట్టే మార్కు) రావాలి, ఎవరికీ సడలింపు లేదు. అది ఏరివేత. బడిపిల్లలకు కావలసింది దారి చూపడం.

ఇష్టాల పరీక్షను అనువదించి దించేస్తే ఏమవుతుందో చూడండి. ఓనెట్ జాబితాలో ఇటుకలు, టైల్స్ పేర్చే పని ఒకటి ఉంది. మన పిల్లవాడు దానికి ‘అస్సలు ఇష్టం లేదు’ నొక్కుతాడు. పని నచ్చక కాదు, ఆ పనికి ఊళ్లో గౌరవం లేదని. దాంతో చేతిపనుల స్కోరు పడిపోతుంది, మంచి ఫిట్టర్ కాగలవాడికి తెర మీద బ్యాంకు ఉద్యోగం కనిపిస్తుంది. కాబట్టి ప్రశ్న చదవగానే ఫలానా ఉద్యోగం గుర్తుకు రాకూడదు, పిల్లలు చుట్టూ చూసే పని కనిపించాలి: ‘పాడైన మోటారు విప్పి లోపం వెతకడం’, ‘సంఘం పద్దులు రాయడం’, ‘పశువుకు జబ్బేమిటో గమనించడం’. ఆడపిల్లలకు పానా పట్టే అవకాశమే ఇవ్వలేదు కనుక వాళ్ల స్కోరును ఆడపిల్లల సగటుతోనూ పోల్చి చూపాలి. లేకపోతే అందరికీ టీచరు, నర్సు అని వస్తుంది.

ఇంకొకటి, అన్నింటికీ ‘ఇష్టమే’ అని నొక్కేవాళ్లు. ఆరు రకాల స్కోర్లూ ఇంచుమించు సమానంగా వస్తే ఆ ఫలితానికి అర్థం లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని ‘ఇప్పుడే చెప్పలేం’ అనాలి తప్ప ఏదో ఒక ఉద్యోగం పేరు ముద్రించకూడదు. 60 ప్రశ్నలూ రెండు నిమిషాల్లో ముగించినవాడు చదవలేదనే లెక్క. ఆ సమయం కూడా నమోదు కావాలి.

సామర్థ్య పరీక్షల్లో గడియారం పెద్ద చిక్కు. కొన్ని విభాగాలు వేగాన్ని కొలుస్తాయి. మౌస్ ఎన్నడూ పట్టని పిల్లకు తక్కువ స్కోరు వస్తే అది ఆమె చూపు చురుకుదనం కాదు, మౌస్ అలవాటు. ముందు పది నిమిషాలు లెక్కలోకి రాని సాధన ఇవ్వాలి. మౌస్ కంటే ట్యాబు నయం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి పంచినలాంటివి చాలు. పరీక్ష ట్యాబులోనే నడిచి, సమయం కూడా అందులోనే లెక్కపడాలి. సర్వర్ మీద ఆధారపడితే నెట్ ఆగిన అర నిమిషం పిల్లవాడి ఖాతాలో పడుతుంది. ఫలితం ఒకే అంకెగా ఇవ్వడమూ తప్పే. 62కూ 68కీ తేడా కొలతలోని పొరపాటంత ఉండొచ్చు. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని పట్టీలుగా చూపిస్తే చాలు.

అసలు కష్టమంతా ఆ తర్వాతే. ‘నీకు యంత్రాల పని బాగుంటుంది’ అన్న వాక్యంతో తండ్రి ఏం చేసుకుంటాడు? దగ్గర్లోని ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది, సీట్లెన్ని, హాస్టలుందా, బస్సుందా అన్నవి అదే తెర మీద రావాలి. పాలిటెక్నిక్ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు. పిల్లవాడు ‘ఇంటికి దగ్గరగా ఉండాలి’, ‘త్వరగా సంపాదన కావాలి’ అని మార్చిన కొద్దీ జాబితా మారాలి. ఇంటరాక్టివ్ అంటే అదీ. బొమ్మలు ఎగరడం కాదు. ఈ జిల్లా వివరాలను ఏటా మార్చిలోగా సరిచూసే మనిషి లేకపోతే రెండో ఏడాదికే మూతబడిన కోర్సులు కనిపిస్తాయి. టెండర్లలో ఈ పనికి డబ్బు కేటాయించాలి.

పదో తరగతి ఫలితాల తర్వాత పెడితే ఆలస్యం. అప్పటికి అడ్వాన్సు కట్టేసి ఉంటారు. తొమ్మిదిలో ఒకసారి, పదిలో దసరా సెలవుల తర్వాత మరోసారి పెట్టాలి. ఆ వయసులో ఇష్టాలు మారతాయి, రెండూ పక్కపక్కన చూడాలి. తర్వాత శిక్షణ పొందిన టీచరు ఒక్కో పిల్లతో, వీలైతే తల్లితోనూ ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అది లేకుండా ప్రింటు చేతికివ్వకూడదు.

వేలిముద్రలు తీసి మెదడు తీరు చెబుతామనే దుకాణాలను బడి గేటు దాటనివ్వొద్దు. వేలిగీతలకూ తెలివికీ ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదు.

చివరగా డేటా. ఏ పిల్లవాడికి ఏది ఇష్టమో, ఫోన్ నంబరుతో సహా దొరికితే కార్పొరేట్ కాలేజీలకు అంతకంటే ఏం కావాలి? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదు. పేర్లు, నంబర్లు విద్యాశాఖ దగ్గరే ఉండాలి, కంపెనీకి కోడ్ నంబర్లు మాత్రమే వెళ్లాలి, పిల్లవాడు ఇంటర్లోనో ఐటీఐలోనో చేరగానే చెరిపేయాలి. ఈ షరతులు ఒప్పందంలోనే, ఉల్లంఘిస్తే జరిమానాతో సహా రాయాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాం.

– వృత్తి మార్గదర్శక సలహాదారులు, వరంగల్