అడ్వాన్సు వదులుకోవద్దు అమ్మలూ

అమ్మలూ,

ఖాళీ చేసిన ఇంటి అడ్వాన్సు ఓనరు పూర్తిగా తిరిగి ఇవ్వడం లేదని చెప్పి, నిన్న రాత్రి ఫోన్‌లో "పోనీలే నాన్నా, ఎంతో కొంత ఇస్తే తీసుకుని వదిలేస్తా" అన్నావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నెలకు 25,000 అద్దెకు ఆరు నెలల అడ్వాన్సు, లక్షా యాభై వేలు. నువ్వు బెంగళూరులో ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి సర్దాం. దెప్పడానికి చెప్పడం లేదు తల్లీ. అది ఆయన దయతలిచి ఇచ్చేది కాదు, మన డబ్బు ఆయన దగ్గర ఉంది, అంతే.

1998లో, నువ్వు ఇంకా పుట్టకముందు, విజయవాడలో ఇల్లు ఖాళీ చేశాం. అడ్వాన్సు 2,700. ఓనరు గారు అరుగు మీద కూర్చుని 1,600 లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. అమ్మ క్యాలెండర్‌కు కొట్టిన మేకు రంధ్రాలకు కొంత, సింకు మూల పగులుకు మిగతాది కోత అన్నారు. ఆ పగులు మేం దిగేనాటికే ఉంది. చూపించడానికి కాగితం ముక్క లేదు. పెద్దాయన కదా అని నోరు మెదపలేదు. ఆ నెల సరుకులు అప్పు తెచ్చాం.

నీకు ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో దిగిన రోజు అమ్మకు చూపించాలని వాట్సాప్‌లో వీడియో పంపావు, గుర్తుందా? అమ్మ తీసేయలేదు. పొద్దున్నే మళ్ళీ చూశాను. వంటగట్టు కింద అల్మరా తలుపు అప్పటికే తడికి ఉబ్బిపోయి, కింది అంచు పొరలుగా లేచి ఉంది. ఇప్పుడు మీ ఓనరు 18,000 అడుగుతున్నది ఆ తలుపుకే!

పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటామని అగ్రిమెంటులో ఉంటే అది ఇచ్చెయ్, పేచీ వద్దు. లేకపోతే వాడకంలో గోడలు మాసినందుకు నువ్వు కట్టక్కర్లేదు. మామూలు అరుగుదలకు అద్దెకున్నవాళ్ళు బాధ్యులు కారని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల అడ్వాన్సు చాలంటుంది కానీ, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. కాబట్టి దాని మీద వాదన పెట్టుకోకు. అగ్రిమెంటునే పట్టుకో. కొత్తవాళ్ళు దిగాకే అడ్వాన్సు ఇస్తానని ఆయన అంటున్నా, ఆ షరతు అందులో లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

ఫోన్లు చేయడం ఆపి రాతలో అడుగు. అడ్వాన్సు ఏ తేదీన బ్యాంకులో వేశావో, ఖాళీ చేస్తున్నానని ఎప్పుడు చెప్పావో, తాళాలు ఎప్పుడు ఇచ్చావో రాసి, 15 రోజుల గడువు పెట్టు. కోతలు ఉంటే బిల్లులు పంపమను. మర్యాదగా "అంకుల్" అనే రాయి, కానీ "వీలైతే", "ప్లీజ్" అని బతిమాలకు. అప్పటికీ ఇవ్వకపోతే లాయరుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పిద్దాం. డబ్బు వసూలుకు కోర్టుకు వెళ్ళడానికి మామూలుగా మూడేళ్ళ గడువుంటుంది, టెన్షన్ పడకు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సాయం చేస్తారు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

వీడియో పంపిస్తున్నాను, ఇంకోచోట కూడా దాచు. అగ్రిమెంటు పేజీలన్నీ ఫోటో తీసి నాకు పెట్టు. మెసేజ్ పంపే ముందు ఒకసారి నాకు చదివి వినిపించు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న