హీరో శాపాన్ని తాయెత్తుతో తీర్చేస్తారా? మీ సీరియల్ మీద ఫిర్యాదు

చానల్ కథా విభాగం వారికి, సీరియల్ తీస్తున్న నిర్మాణ సంస్థ వారికి నమస్కారం.

రాత్రి ఎనిమిది గంటల స్లాట్‌లో మీరు వేస్తున్న నాగశాపం సీరియల్ గురించి ఈ ఫిర్యాదు. పోయిన వారం మహా ఎపిసోడ్‌లో హీరోకి శాపం తీర్చిన పద్ధతి చాలా అన్యాయంగా ఉంది. మీ యాప్‌కి డబ్బు కట్టి, టీవీలో రాకముందే చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొదటి ఎపిసోడ్ నుంచీ ఒక్కటి కూడా వదల్లేదు కాబట్టి, ఏదో ఒక సీన్ కంటబడితే కోపమొచ్చి రాస్తున్నానని అనుకోవద్దు.

మీరు పెట్టిన శాపం మాత్రం చాలా బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. హీరో వాళ్ల తాత రైస్ మిల్లు కట్టడం కోసం పొలం గట్టున ఉన్న పుట్ట తవ్వించాడు, లోపల గుడ్లున్నాయండీ అని కూలీలు మొత్తుకున్నా వినలేదు, ఆడపాము శపించింది: నీ వంశంలో తాళి కట్టిన ఏ మగవాడూ మరుసటి ఏడు నాగుల చవితి చూడడు అని. హీరో బాబాయి అలాగే పోయాడు, అన్న పోయాడు. విడుపు కూడా ఆ పాము నోటితోనే చెప్పించారు, నా చోటు నాకు తిరిగి ఇచ్చినవాణ్ణి నేను ముట్టను అని. మా అమ్మ అది విన్న రోజే, ఆ మిల్లు తీసేస్తాడా లేదా అన్నదేరా కథంతా అంది. నిజంగా అదే కథ. ఇల్లు గడిచేది ఆ మిల్లు మీద, బ్యాంకు అప్పు దాని మీద, చెల్లెలి పెళ్లి దాని మీద, అక్కడ పనిచేసే హమాలీల బతుకులూ దాని మీదే. ప్రాణం కావాలంటే ఇవన్నీ వదులుకోవాలి. ఇంతకంటే మంచి చిక్కు ఏ రైటర్‌కి దొరుకుతుంది?

హీరో అర్ధరాత్రి మిల్లులోకి వెళ్లి, తవుడు బస్తాలు పక్కకి జరిపి, పగిలిన గచ్చులోకి చెయ్యి పెట్టిన సీన్ తీసినవారెవరో గానీ వారికి దండం పెట్టాలి. డైలాగ్ లేదు, మ్యూజిక్ ఆపేశారు. వేళ్లకి ఎర్రటి పుట్టమన్ను అంటుకుంది, అది చొక్కాకి తుడుచుకోబోయి ఆగిపోయి, గుప్పిట మూసుకుని అలాగే ఇంటికి నడిచి వెళ్లాడు. వాడు నిర్ణయం తీసేసుకున్నాడని మేమందరం అనుకున్నాం.

తర్వాత మీరు చేసిందేమిటి? ఎక్కణ్ణించో ఒక స్వామీజీ ఊడిపడ్డాడు, హీరో దండకి తాయెత్తు కట్టాడు, పాము వచ్చింది, తాయెత్తులోంచి నీలం వెలుగు వచ్చి పాము బూడిదైపోయింది. ఆ సమయానికి హీరో స్పృహ తప్పి పడి ఉన్నాడు. తన శాపం తీరుతుంటే తను మెలకువగా కూడా లేడు!

మన భారతంలో ఒక్క ఆదిపర్వం తెరిచినా మీకు కావాల్సిందంతా ఉంది. పరీక్షిత్తుకి ఏడు రోజుల్లో తక్షకుడి కాటుతో చస్తావని శాపం తగిలితే ఒంటిస్తంభం మేడ కట్టుకున్నాడు, చుట్టూ మంత్రగాళ్లనీ వైద్యులనీ కాపలా పెట్టుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికి వచ్చాడు. అంటే రక్షలూ కాపలాలూ శాపాన్ని ఆపవని ఆ కథలో అంత గట్టిగా ఉంటే, మీరు తాయెత్తు దగ్గర ఆగిపోయారు. మరి ఆపేది ఏది? పెళ్లాడబోయే ప్రమద్వర పాము కరిచి చనిపోతే, రురుడనే మునికుమారుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నాడు. అదే రురుడు ఆ తర్వాత పగతో కనిపించిన పామునల్లా కర్రతో కొట్టి చంపుతూ డుండుభం అనే ఒక పాముని కొట్టబోతే, మేం విషం లేనివాళ్లం, మమ్మల్నెందుకు చంపుతావని అది అడిగింది. చూస్తే అది శాపం వల్ల పామైన సహస్రపాదుడనే ముని. రురుడు కొట్టకుండా ఆగి, నువ్వెవరని అడిగాడు, ఆయన తన కథ చెప్పుకుని శాపం నుంచి విడుదలయ్యాడు. మీ హీరో ఆ పాముతో ఇన్ని ఎపిసోడ్లలో ఒక్కసారైనా మాట్లాడాడా?

ఇక ఆస్తీకుడి కథ ఉండనే ఉంది. కద్రువ కన్నతల్లి అయ్యుండీ, తన మాట వినలేదని పాముల్ని పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు చేసే సర్పయాగంలో కాలిపోండని శపించింది. కన్నతల్లి శాపానికి తిరుగులేదని నాగులకి తెలుసు. యాగం చేయించేవాళ్లని కాటేద్దామని కొందరు, మేఘాలమై హోమగుండాలు ఆర్పేద్దామని కొందరు అన్నారు. నాగరాజు వాసుకి అవన్నీ పక్కన పెట్టి, చెల్లెల్ని జరత్కారు మునికిచ్చి పెళ్లి చేసి, పుట్టబోయే పిల్లవాడి కోసం ఎదురుచూశాడు. ఆ పిల్లవాడు యాగశాలకి వెళ్లి, రాజుని మెప్పించి, వరమడిగి యాగం ఆపించాడు. అప్పటికే ఎన్నో పాములు కాలిపోయాయి, శాపం అబద్ధం కాలేదు, అయినా వంశం నిలిచింది. చూసేవాళ్లకి తృప్తినిచ్చేది ఇలాంటిది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మీ కథలో తప్పు చేసింది తాత, పిల్లల్ని పోగొట్టుకుంది పాము. చివరికి కాలిపోయింది కూడా పామేనా? కార్తీకంలో పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్లి, పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ పెట్టి, మమ్మల్ని చల్లగా చూడమని దండం పెట్టుకునే ఇళ్లలోనే మీ సీరియల్ ఆడుతోంది. ఆ సీన్ అయ్యాక మా అమ్మ టీవీ కట్టేసి లేచి వెళ్లిపోయింది, మళ్లీ ఆ టైంకి వచ్చి కూర్చోలేదు.

ప్రోమో చూస్తే వచ్చే వారం నుంచి హీరోయిన్‌కి మతిమరుపు ట్రాక్ మొదలవుతోంది. దయచేసి ఆపండి, ఇంకా సమయం ఉంది. పుట్ట తవ్విన రోజున మగపాము కాలవలోకి జారిపోయినట్టు మొదటి వారంలో మీరే చూపించారు, దాని సంగతి ఇప్పటిదాకా తేల్చలేదు. అది తిరిగి రావాలి, తాయెత్తు పనిచేయకూడదు. అప్పుడు హీరో తల్లినీ చెల్లెల్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పి, మిషన్లు వేరే చోటికి తరలించి, హమాలీలకి పని పోకుండా చూసి, మిల్లు గోడ మీద మొదటి గునపం తనే వెయ్యాలి. అప్పు పెరుగుతుంది, పెళ్లి వాయిదా పడుతుంది, పడనివ్వండి. అవన్నీ చూపించండి, మేం చూస్తాం. టీఆర్పీ పడిపోతుందని భయపడి కథని తుంచెయ్యకండి.

ఇంతకుముందు కస్టమర్ కేర్‌కి రాస్తే "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని ఒక మెసేజ్ వచ్చింది, అంతే. ఈసారి కథ రాసేవాళ్ల నుంచే జవాబు కావాలి. వచ్చే నెలాఖరుకి నా సబ్‌స్క్రిప్షన్ అయిపోతుంది. మగపాము సంగతి ఏం చేస్తారో ఆ లోపు ఈ మెయిల్‌కి రాసి పంపండి, మళ్లీ డబ్బు కట్టాలా వద్దా అన్నది దాన్ని బట్టి చూసుకుంటాను.

ఇట్లు,
మీ సీరియల్ ప్రేక్షకుడు