పీడీ యాక్ట్‌కు చప్పట్లు కొట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ‘ఫలానా వ్యక్తిపై పీడీ యాక్ట్’, అంటే ముందస్తు నిర్బంధ చట్టం (ప్రివెంటివ్ డిటెన్షన్) పెట్టారన్న వార్త తరచూ కనిపిస్తోంది. గుడుంబా, గంజాయి, రౌడీయిజం, భూకబ్జా, ఈమధ్య నకిలీ విత్తనాలు కూడా. చదివినవాళ్లు అనే మాట దాదాపు ఒకటే: మంచి పని చేశారు, ఇలాంటివాళ్లను బయట తిరగనివ్వొద్దు. నకిలీ పత్తి విత్తనాలు కొని మునిగిపోయిన రైతు ఆ మాట అంటే నేను తప్పుపట్టను. అయితే విచారణ లేకుండా మనిషిని ఏడాది దాకా లోపల పెట్టగల ఈ అధికారం మీద ఐరోపాలో రెండు మూడు వందల ఏళ్ల కిందటే పెద్ద వాదం నడిచింది. మనం దాన్ని లాక్, మాంటెస్క్యూ, రూసో అని పరీక్ష కోసం పేర్లు బట్టీపట్టి వదిలేశాం.

ఫ్రాన్స్‌లో అప్పట్లో ‘లెత్ర్ ద కాషే’ అని ఒకటి ఉండేది. రాజుగారి పేరిట సంతకం, కింద మంత్రి సంతకం, మడిచి సీలు వేసిన ఉత్తరం. కోర్టు లేదు, వాదన లేదు. అది చూపించి ఎవరినైనా జైలుగా వాడే కోటలోకి పంపేయవచ్చు. 1749 జూలైలో ఫ్రెంచ్ విజ్ఞాన సర్వస్వం సంపాదకుడు దిదెరోను అలాగే పారిస్ పక్కనున్న విన్సెన్ కోటకు పట్టుకుపోయారు, దేవుడి మీద అనుమానాలు రేపే పుస్తకం రాశాడని. నవంబరులో విడిచిపెట్టారు, అదీ న్యాయమూర్తి విని కాదు. విజ్ఞాన సర్వస్వం పని ఆగిపోయి పెట్టుబడి మునుగుతోందని పుస్తక వ్యాపారులు మొత్తుకున్నారు, ఈయన ఇకపై బుద్ధిగా ఉంటానని రాసిచ్చాడు.

ఇదంతా రాజు దుర్మార్గం అనుకుని ఊరుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. ఆ ఉత్తరాల్లో చాలాభాగం కుటుంబాలే అర్జీ పెట్టుకుని తెప్పించుకున్నవి. కొడుకు తాగుతున్నాడనో, కులం తక్కువ అమ్మాయిని చేసుకుంటానన్నాడనో మన దగ్గర పెద్దమనుషుల దగ్గరికి పోయినట్టు, అక్కడ రాజు దగ్గరికి పోయేవారు. తర్వాత ఫ్రెంచ్ విప్లవ నాయకుడైన మిరాబోను చూడండి, ఆయన తండ్రి తన సొంత కొడుకును ఈ ఉత్తరాలతోనే ఒక కోట తర్వాత ఇంకో కోటలో వేయించాడు. ఆ తండ్రి ‘మానవ మిత్రుడు’ అనే పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నవాడు! కొడుకు 1777 నుంచి 1780 దాకా విన్సెన్‌లోనే ఉండి, ఈ ఉత్తరాల మీద రాసిన పుస్తకాన్ని 1782లో అచ్చు వేయించాడు. 1789లో మానవ హక్కుల ప్రకటన తయారైన సభలో ఆయనా సభ్యుడే. చట్టం చెప్పిన సందర్భంలో, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరినీ నిర్బంధించరాదన్నది ఆ ప్రకటన ఏడో అధికరణం.

ఈ ఆలోచనాపరులు నేరస్థుల మీద జాలితో ఇదంతా రాయలేదు. మనిషి స్వభావం మీద వాళ్లకు పెద్ద భ్రమలు లేవు, అందుకే రాశారు. తన తగవుకు తానే న్యాయమూర్తి అయితే మనిషి పక్షపాతం చూపిస్తాడు, కాబట్టే పక్షపాతం లేని న్యాయమూర్తి కోసం ప్రభుత్వం పెట్టుకుంటాం అన్నాడు లాక్. అధికారం దొరికిన ప్రతివాడూ దాన్ని హద్దు తగిలేదాకా వాడుకుంటూ పోతాడన్నాడు మాంటెస్క్యూ. అందరికంటే కఠినుడు హాబ్స్. అధికారమంతా రాజు చేతిలో పెట్టాలన్నవాడు. ఆయన కూడా 1651లో ఒక గీత గీశాడు: ముందు బహిరంగంగా విచారించి దోషి అని తేల్చకుండా ప్రభుత్వం చేసే హాని శిక్ష అనిపించుకోదు, అది శత్రువు చేసే పని. పీడీ యాక్ట్‌ను సమర్థించేవాళ్లు హాబ్స్ తమ పక్షమని అనుకుంటుంటారు. కాదు.

మన చట్టం 1986లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. పోలీస్ కమిషనర్ గానీ కలెక్టర్ గానీ సంతకం పెడితే చాలు. రాజ్యాంగం 22వ అధికరణమే ఇందుకు దారి ఇచ్చింది, పైగా ఇలా పట్టుబడ్డవారికి వకీలును పెట్టుకునే హక్కు లేదంది. నిర్బంధం సబబేనా అని చూసే సలహా మండలి ముందు ఆ మనిషి తానే మాట్లాడుకోవాలి. రౌలట్ చట్టాన్ని ‘నా వకీల్, నా దలీల్, నా అపీల్’ (వకీలు లేడు, వాదన లేదు, అప్పీలు లేదు) అని తిట్టిన దేశం మనది.

ఆచరణలో ఎలా ఉంటుందో చెబుతాను. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఈ కేసుల కాగితాల కట్టలు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఈమధ్య ఒకావిడ ప్లాస్టిక్ కవరులో తెచ్చింది. ఉత్తర్వు, కారణాల పత్రం, నాలుగు ఎఫ్ఐఆర్‌లు. జిరాక్సు మీద జిరాక్సు తీసి కొన్ని పేజీలు మసిబారిపోయాయి, అక్షరం కనబడదు. నాలుగు కేసుల్లోనూ ఆమె భర్తకు బెయిల్ వచ్చింది. కారణాల పత్రం చివర్లో ఉన్నది కూడా అదే: బెయిల్ మీద వచ్చాడు, మళ్లీ చేస్తాడు. “బెయిల్ ఇచ్చిండ్రు గద సార్, మళ్ల ఎట్ల తీస్కపోయిండ్రు?” అని అడిగింది. బెయిల్ తప్పనిపిస్తే రద్దు కోరుతూ పోలీసులు పైకోర్టుకు వెళ్లొచ్చు. వెళ్తే అక్కడ రుజువులు చూపించాలి, ఎదుటి వకీలు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పీడీ యాక్ట్‌కు ఆ టెన్షన్ లేదు.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2021లో, 2022లో, మళ్లీ 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ నిర్బంధ ఉత్తర్వులను కొట్టేసింది. మామూలు శాంతిభద్రతల సమస్యకు ఈ చట్టాన్ని వాడొద్దని, ఈ ధోరణి ప్రమాదకరమని గట్టిగానే మందలించింది.

మాంటెస్క్యూ కూడా మినహాయింపు ఇచ్చాడు కదా అనొచ్చు. ఇచ్చాడు. రాజ్యం మీద రహస్య కుట్రో, విదేశీ శత్రువులతో లాలూచీనో ఉన్నప్పుడు, చట్టసభ అనుమతితో, కొద్దికాలం పాటు. మన జాబితా చూడండి. మొదట్లో గుడుంబా, దోపిడీ, మత్తుమందులు, గూండాలు, వ్యభిచార రవాణా, భూకబ్జా. తెలంగాణ వచ్చాక 2017లో కల్తీ ఆహారం, నకిలీ విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, దొంగ పత్రాలు, జూదం, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు చేర్చారు. వీటన్నిటికీ విడిగా చట్టాలు, శిక్షలు ఉన్నాయి. కేసు నిలబెట్టడానికి కావాల్సిన ల్యాబులు, దర్యాప్తు సిబ్బంది, ప్రాసిక్యూటర్లు సరిపడా లేరు. వాళ్లను పెట్టడానికి డబ్బు కావాలి, సంతకానికి అక్కర్లేదు.

1978లో 44వ రాజ్యాంగ సవరణ ఈ నిర్బంధాల మీద కొంత అదుపు పెట్టింది. సలహా మండలి అభిప్రాయం లేకుండా లోపల ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించింది. ఆ ఒక్క సెక్షన్‌ను ఇప్పటిదాకా ఏ కేంద్ర ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు, అప్పటి నుంచి పెద్ద పార్టీలన్నీ గద్దె మీద కూర్చున్నాయి. మన ఎంపీలను దీని మీద అడగాలి. రాష్ట్ర ప్రభుత్వం కనీసం ప్రతి ఏడాదీ ఎన్ని ఉత్తర్వులిచ్చారు, సలహా మండలి ఎన్ని వద్దంది, హైకోర్టు ఎన్ని కొట్టేసింది అన్న లెక్క అసెంబ్లీలో పెట్టాలి. సలహా మండలి ముందు వకీలును అనుమతించడానికి రాజ్యాంగం అడ్డుకాదు, రాష్ట్రం తలచుకుంటే ఆ మాట చట్టంలో చేర్చొచ్చు.

మీకు ఒక విన్నపం. పీడీ యాక్ట్ పెట్టిన రోజు మనిషి ఫొటోతో సహా వేస్తున్నారు. ఆ ఉత్తర్వును హైకోర్టు కొట్టేసిన రోజు కూడా అదే పేజీలో, అంతే సైజులో వేయండి.

— ఒక న్యాయవాది, హనుమకొండ