నడవమన్నారు సరే, ఎక్కడ నడవమంటారు?

సంపాదకులకు,

రెండు వారాల కిందటి ఆదివారం విద్యార్థులు రోజూ నడవాలంటూ మీ పత్రికలో అర పేజీ వేశారు. పచ్చటి పార్కులో తెల్లబూట్లు తొడుక్కున్న కుర్రాడి ఫొటో కూడా ఉంది. ఆ పార్కు ఏ ఊళ్లో ఉందో కింద వేసి ఉంటే మా మనవణ్ణి అక్కడే చేర్పించేవాళ్లం. పోనీలే అని ఊరుకున్నాను గానీ, మొన్న ఆదివారం వాడి ఔటింగ్‌కి వెళ్లొచ్చాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పడక ఐదో అంతస్తులో, క్లాసు రెండో అంతస్తులో, మెస్సు సెల్లార్లో. రోజు మొత్తం మీద వాడి నడకంటే ఆ మెట్లే. పొద్దున ఐదున్నరకో స్టడీ అవర్, రాత్రి పదింటికో స్టడీ అవర్. ఎండ మొహం చూసేది నెలకోసారి. ఏడాదిన్నరలో రెండుసార్లు సైటు పెరిగింది. పిల్లలు పగటి వెలుతురులో బయట తిరిగితే సైటు వచ్చే అవకాశం తగ్గుతుందట. కళ్ల డాక్టరు "కాసేపు బయట తిప్పండి" అని చీటీ మీద రాసి మరీ ఇచ్చాడు.

ఆ చీటీ పట్టుకుని హాస్టల్ ఇన్‌చార్జిని సాయంత్రం ఓ అరగంట కిందికి వదలమని అడిగాను. "అరగంటంటే పాతిక బిట్లు సార్!" అన్నాడు. ఎప్‌సెట్‌లో మూడు గంటలకి 160 బిట్లు కాబట్టి ఆయన లెక్క తప్పేమీ కాదు. నేనూ ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణే. ఎవడికైనా లెక్క తెగకపోతే "పోయి ఆ వేపచెట్టు దాకా నడిచి రారా" అనేవాణ్ణి. సగం మంది తిరిగొస్తూనే చాక్‌పీసు అందుకునేవాళ్లు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేనడిగింది అందులో సగం. బతిమాలితే శని, ఆదివారాలు టెర్రస్ మీద తిరగనిస్తామన్నాడు, అదీ ర్యాంకు బ్యాచ్ కాకపోతేనే!

సరే, ఔటింగ్ రోజునైనా నడుద్దామని ఇద్దరం బయల్దేరాం. ఫుట్‌పాత్ మీద మొదట ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత పునుగుల బండి, ఆపైన సెల్‌షాపు వాళ్ల బైకులు, చివర్లో మూత లేని డ్రెయిను. పునుగులబ్బాయిని నేనేమీ అనను, అతనికి ఇంకో చోటు చూపించినవాళ్లు లేరు. మధ్యలో ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని, రోడ్ల కొలతలు, ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. మా వీధిలో ఆ కొలతకి తగ్గనిది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ సంగతి మా వాడికి చెబుతుంటే, "ముందు పక్కకి రా తాతయ్యా, బస్సు!" అని చెయ్యి పట్టి లాగాడు. ఆటోలో తిరిగొచ్చాం.

వాడి వయసులో మేం ఏలూరు కాలువ గట్టు వెంట నడిచే బడికి వెళ్లాం. అదేదో ఘనకార్యమని కాదు, సైకిలు కొనిచ్చేవాళ్లు లేక. కానీ నిద్ర పట్టడం లేదని పదహారేళ్లకే మాత్రలు అడిగినవాడు మాలో ఒక్కడూ లేడు.

మా పేటలో మైదానం లేదా అంటే ఉంది. ఎగ్జిబిషన్ పోతే సభ, సభ పోతే పెళ్లి రిసెప్షన్. షామియానా గుంజల గుంటలు ఎవరూ పూడ్చరు. వాటి గురించి రెండు నెలల కిందట ఓ సోమవారం పోయి అర్జీ ఇచ్చాను. "మీ సమస్య పరిష్కరించబడినది" అని మూడో రోజుకే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గుంటలు లెక్కపెట్టి వచ్చాను, పదిహేడున్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
విజయవాడ